ఇంటి నంబరు లేని పౌరులు

మానవునకు కూడు, గుడ్డ, గూడు అను మూడును ముఖ్యావసరములని పెద్దలు చెప్పుదురు. వీనిలో మొదటి రెండును ఒకరు మఱియొకరికి చేతితో అందింపదగినవి. ఆకలిగొన్నవానికి పిడికెడు అన్నము పెట్టవచ్చును. చలికి వడకువానికి ఒక దుప్పటి కప్పవచ్చును. మూడవదియగు గూడు అట్టిది కాదు. ఇల్లనగా ఎండవానల నాపు కప్పు. సామాను దాచుకొను చోటు. జబ్బు చేసినపుడు పండుకొను చోటు. ఉత్తరము వచ్చి చేరు చోటు. "నీ వెవరవు? ఎచ్చటివాడవు?" అని కార్యాలయములలో అడిగినపుడు చూపదగిన గుర్తు కూడ అదియే. ఇల్లు పోయినవానికి ఇవి యన్నియు ఒక్కసారిగా పోవును. నగరములలో ఇట్లు ఇల్లు లేక బ్రదుకువారికి ఏ సహాయములు కలవో, వానిని వారు ఏ విధముగా చేరుకొనుచున్నారో, కొందఱు ఏల చేరుకొనలేకున్నారో ఈ పాఠమున తెలిసికొందము.

2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఇల్లు లేనివారిని ప్రత్యేకముగా లెక్కించిరి. బాటల ప్రక్కను, వంతెనల క్రిందను, మెట్ల క్రిందను, పెద్ద సిమెంటు గొట్టములలోను, దేవాలయ మండపములలోను, రైల్వే ప్లాట్‌ఫారముల మీదను నివసించువారు ఈ లెక్కలోనికి వచ్చిరి. వీరిని పగటివేళ లెక్కించుట సాధ్యము కాదు. పగలు పనులకు పోయి జనసమూహములో కలిసిపోవుదురు. కావున ఆ యేడు ఫిబ్రవరి 28వ తేది రాత్రి లెక్క వ్రాయువారు వీథులలోనికి పోయి, పండుకొన్న చోటనే వారిని లెక్కించిరి. దేశమంతటను తేలిన సంఖ్య సుమారు 17 లక్షల 73 వేలు. అందు పట్టణములలో నున్నవారు సుమారు 9 లక్షల 38 వేలు. అంతకు పదేండ్ల ముందు, అనగా 2001వ సంవత్సరమున, పట్టణములలోని సంఖ్య సుమారు 7 లక్షల 79 వేలు మాత్రమే. ఆ పదేండ్లలో పల్లెలందు ఇల్లు లేనివారు తగ్గిరి, పట్టణములందు పెరిగిరి. ఒక్క రాత్రి తీసిన లెక్క యగుటచే కంటబడక మిగిలిపోయినవారును కొందఱుందురు.

ఇల్లు లేనివారందఱును బిచ్చగాండ్రని తలంచుట తగదు. వీరిలో పెక్కుమంది పనిచేసి బ్రదుకువారే. తెల్లవారకమునుపే మార్కెట్లలో బస్తాలు మోయు హమాలీలు, రిక్షా త్రొక్కువారు, చిత్తుకాగితములు ఏరువారు, పెండ్లి భోజనములలో వడ్డించువారు, కట్టడపు పనివారు వీరిలో కలరు. కరవు వలన పల్లె విడిచినవారు కొందఱు. అప్పుల బాధ పడలేక వచ్చినవారు కొందఱు. బిడ్డలు వెళ్లగొట్టిన వృద్ధులు, భర్త పెట్టు హింసకు ఓర్వలేక ఇల్లు వెడలిన స్త్రీలు, మతి చలించి దారి తప్పినవారు, ఇంటినుండి పారిపోయి వచ్చిన పిల్లలు కూడ కలరు. వీరి కష్టములు వేఱువేఱు. ఒకే మందు అందఱికిని పనిచేయదు.

ఒక కూలివానిని ఊహింపుడు. అతడు పాలమూరు ప్రాంతమునుండి, అనగా మహబూబ్‌నగర్ వైపు నుండి, హైదరాబాదు చేరినాడనుకొందము. చెఱువులు, కాలువలు, ఆనకట్టలు త్రవ్వుటలో ఆ ప్రాంతపు కూలీలు దేశమంతటను పేరు పొందినవారు. నగరమున అతనికి పని దొరకు చోటు కూలీల అడ్డా. ఉదయము ఆఱు గంటలకే అచ్చట నిలువవలెను. మేస్త్రీలు వచ్చి కావలసినవారిని పిలుచుకొని పోవుదురు. ఆలస్యముగా చేరినవానికి ఆ దినము కూలి లేదు. అద్దెకు గది తీసికొందమన్నచో ముందుగా అడ్వాన్సు చెల్లింపవలెను. ఆ సొమ్ము అతనికడ లేదు. కావున అడ్డాకు దగ్గఱలో ఒక దుకాణపు అరుగు చూచుకొనును. రాత్రి దుకాణము మూసినపిదప పండుకొని, ఉదయము దుకాణము తెఱవకమునుపే లేవవలెను. మరుగుదొడ్డికి రుసుము, స్నానమునకు రుసుము చెల్లింపవలెను. సెల్‌ఫోనునకు ఛార్జింగు పెట్టుకొనవలెనన్నను టీకొట్టువానిని బ్రతిమాలవలెను. మనము ఇంట ఉండి గమనింపనైన గమనింపని నీరు, మరుగు, నిద్ర అనువానిని వీథిలో నుండువాడు దినదినమును విడివిడిగా సంపాదించుకొనవలెను.

ఇట్టివారికి నగరమును గూర్చిన జ్ఞానము మనకంటె ఎక్కువ. ఏ దేవాలయమున ఏ వారము అన్నదానము జరుగునో, ఏ దర్గా ముంగిట ఏ దినమున అన్నము పంచుదురో, గురుద్వారాలో లంగరు ఎప్పుడు పెట్టుదురో వారికి కంఠస్థము. ఏ అరుగు వానకు తడియదో, ఏ వీథిలో రాత్రి పోలీసులు లేపుదురో వారెఱుగుదురు. స్త్రీలు దీపము వెలుగు చోట్లను, ఆసుపత్రి ద్వారముల యొద్దను, బస్సు స్టాండులలోను తావు వెదకికొందురు. ఇద్దఱు ముగ్గురు కలిసి, ఒకరు నిద్రించినపుడు ఒకరు మేలుకొని యుందురు. కొందఱు తమ సొమ్మును, కాగితములను నమ్మకస్థుడగు ఒక దుకాణదారునికడ దాచుకొందురు. క్రొత్తగా వచ్చినవానికి పాతవారు ఇవి యన్నియు చెప్పుదురు. వ్రాతప్రతి లేని ఈ శాస్త్రమే వారిని బ్రదికించుచున్నది.

ఇక వీరికొఱకు సంఘము చేసిన ఏర్పాటులను గూర్చి తెలిసికొందము. పూర్వము మన దేశమున బాటసారులకు సత్రములు, చావడులు, ధర్మశాలలు ఉండెడివి. గోదావరి లంకలలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవారికిని, ఏ కులమువారికైనను అన్నము పెట్టి అపర అన్నపూర్ణ అనిపించుకొనిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024వ సంవత్సరమున బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. కాని సత్రములన్నియు అట్టివి కావు. కొన్నింట కొన్ని కులములవారికే ప్రవేశము. అదియునుగాక సత్రము బాటసారి కొఱకు ఏర్పడినది. బాటసారి రెండు మూడు దినములుండి తన ఊరికి తాను పోవును. నగరములో ఇల్లు లేనివానికి పోదగిన ఊరు లేదు. కావున అతనికి దానమొక్కటియే చాలదు. ఉండుటకు హక్కు కావలెను.

ఆ హక్కు న్యాయస్థానముల వలన క్రమముగా రూపు దాల్చినది. 1985వ సంవత్సరమున బొంబాయి కాలిబాటల మీద నివసించువారి వ్యాజ్యములో సుప్రీం కోర్టు, జీవించు హక్కులో జీవనోపాధి హక్కు కూడ ఇమిడియున్నదని చెప్పెను. 2001వ సంవత్సరమున ఆహారపు హక్కును గూర్చి ఒక వ్యాజ్యము దాఖలైనది. అది నడచుచుండగా, ఢిల్లీలో చలికాలమున ఒక తాత్కాలిక వసతిని తొలగించిన సంగతి 2010వ సంవత్సరారంభమున కోర్టు దృష్టికి వచ్చెను. చలిలో దిక్కులేనివారు ప్రాణములు కోల్పోవుదురని గ్రహించి, కోర్టు వసతి గృహముల నేర్పాటు చేయవలసినదని ఆజ్ఞాపించెను. పెద్ద నగరములలో ప్రతి లక్ష జనాభాకును నూఱుమందికి చాలునట్టి వసతి గృహము ఒకటి ఉండవలెననియు, అది ఏడాది పొడుగునను రేయింబవళ్లు తెఱచియుండవలెననియు నియమ మేర్పడెను. 2013వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకమున ఈ నియమము చేరినది. మనిషికి 50 చదరపు అడుగుల చోటు, త్రాగునీరు, స్నానపు గదులు, మరుగుదొడ్లు, దీపములు, ప్రథమ చికిత్స, శుభ్రమైన దుప్పట్లు, వంట చేసికొను వసతి ఉండవలెనని అందు నిర్దేశించిరి. స్త్రీలకు, కుటుంబములకు, వృద్ధులకు, రోగులకు వేఱువేఱు గృహము లుండవచ్చుననియు చెప్పిరి.

మీరు గణితము నేర్చినవారు గదా! విజయవాడ నగర జనాభా 2011వ సంవత్సరమున పది లక్షలకు పైబడియుండెను. పై నియమము ప్రకారము ఆ నగరమున ఎన్ని గృహము లుండవలెను? పది. హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలో నాటి జనాభా 67 లక్షలకు పైబడినది. అచ్చట ఎన్ని ఉండవలెనో మీరే లెక్కించుడు. కాగితముమీద లెక్క సులభము. దేశములో పెక్కు నగరములు ఈ లెక్కను చేరుకొనలేదు. నిధులుండియు గృహములు ఏల లేవో విచారించుటకు 2016వ సంవత్సరమున సుప్రీం కోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాస్ గంభీర్ అధ్యక్షతన ఒక సంఘమును నియమింపవలసి వచ్చినది.

ఇంతకంటె విచిత్రమైన విషయ మొకటి కలదు. కొన్ని వసతి గృహములలో పడకలు ఖాళీగా నుండగా, వాని ముందటి వీథిలోనే మనుష్యులు పండుకొని యుందురు. దీనిని చూచి కొందఱు "వీరికి వీథియే ఇష్టము" అందురు. కాని కారణములు విచారించినచో అట్లనుటకు వీలులేదు. వసతి గృహము ఊరి చివర నున్నచో కూలివాడు ఉదయము ఆఱు గంటలకు అడ్డాకు చేరలేడు. రిక్షా త్రొక్కువాడు రిక్షాను వీథిలో విడిచి లోపల నిద్రింపలేడు. అది అద్దె బండి, పోయినచో తీర్పలేడు. చిత్తుకాగితములు ఏరువానికి అతని గోనెసంచియే ఆస్తి. దానిని లోనికి తేరాదన్నచో అతడు లోనికి రాడు. పెండ్లి భోజనములలో వడ్డించి అర్ధరాత్రి తిరిగి వచ్చువానికి తలుపు మూసియుండిన ఏమి లాభము? పురుషులకు ఒక గృహము, స్త్రీలకు ఒక గృహము ఉండి, కుటుంబమునకు లేనిచో భార్యాభర్తలు విడిపోవుటకంటె కాలిబాట మేలని తలంతురు. దుప్పట్లలో నల్లులుండుట, సామాను దొంగిలింపబడుట, కావలివారు చులకనగా మాటలాడుట మఱికొన్ని కారణములు. అసలు అట్టి గృహ మొకటి కలదని ఎఱుగనివారును పెక్కుమంది.

భయము కూడ ఒక కారణమే. బిచ్చమెత్తుట నేరమని చెప్పు చట్టములు మన దేశమున పెక్కు రాష్ట్రములలో ఏర్పడినవి. బొంబాయిలో 1959వ సంవత్సరమునను, ఆంధ్రప్రదేశమున 1977వ సంవత్సరమునను ఇట్టివి వచ్చెను. ఢిల్లీకి వర్తించిన అట్టి చట్టములోని శిక్షాభాగములను 2018వ సంవత్సరమున ఢిల్లీ హైకోర్టు కొట్టివేసినది. ఒకప్పుడు వాహనములు వచ్చి వీథిలో నున్నవారిని ఎక్కించుకొని పోయినచో, వారిలో పని చేసికొని బ్రదుకువారును చిక్కుకొనెడివారు. అట్టి అనుభవము గలవాడు, సహాయము చేయుదుమని వచ్చు వాహనమును చూచినను పరుగెత్తును. ఒకసారి పోయిన నమ్మకము ఒక్క రాత్రిలో తిరిగి రాదు. అందుచేతనే మంచి వసతి గృహములవారు రాత్రులందు వీథులలో తిరిగి, అదే మనిషిని పలుమాఱులు పలుకరించి, చనువు కలిగిన పిమ్మట లోనికి పిలుతురు.

ఇక కాగితముల చిక్కు. రేషన్ కార్డునకు చిరునామా కావలెను. బ్యాంకు ఖాతాకు గుర్తింపు కార్డు కావలెను. వృద్ధాప్యపు పింఛనునకు ఖాతా కావలెను; పరిశీలించుటకు వచ్చు ఉద్యోగికి ఇల్లు కనబడవలెను. ఒక కాగితమునకు ఇంకొక కాగితము ఆధారము. మొదటి కాగితము లేనివానికి ఏదియు లేదు. వీథిలో నుండువాని కాగితములు వానలో తడియును, మూటతో పాటు పోవును. మోటపని చేసి చేసి వ్రేళ్లముద్రలు అరిగిపోయినవారిని యంత్రము గుర్తింపదు. కార్యాలయమునకు ఒక దినము తిరిగినచో ఒక దినపు కూలి పోవును. మూడు దినములు తిరిగినచో అతడు మానుకొనును. చూచువారు "ఇన్ని పథకములుండగా వీ డేల ఉపయోగించుకొనడు?" అందురు. అతనికి తెలిసిన లెక్క వేఱు: నేటి కూలి నిశ్చయము, రేపటి పింఛను అనిశ్చయము.

ఈ చిక్కును కొంత విడదీసిన ఏర్పాటులును లేకపోలేదు. పత్రములేవియు లేనివారు కూడ, అధికారులు నియమించిన పరిచయకర్త ద్వారా ఆధార్ పొందుటకు వీలున్నది. 2019వ సంవత్సరమున ఆరంభమైన "ఒకే దేశము – ఒకే రేషన్ కార్డు" పద్ధతి వలన సొంత ఊరి కార్డుతో వలస వచ్చిన చోటనే బియ్యము తీసికొనవచ్చును. వీనికంటె మెచ్చదగిన నియమ మొకటి ఎన్నికల సంఘమువారిది. ఇల్లు లేనివాడు ఓటరుగా చేరగోరినచో, తాను రాత్రులు పండుకొను చోటును దరఖాస్తులో తెలిపిన చాలును; చిరునామాకు పత్రము చూపనక్కఱలేదు. బూత్ స్థాయి అధికారియే రాత్రివేళ అచ్చటికి పోయి, అతడు నిజముగా అచ్చట నిద్రించుచున్నాడో లేదో చూడవలెను. ఒక్క రాత్రి కాక మఱియొక రాత్రియు పోవలెను. ఈ నియమములోని అంతరార్థమును గమనింపుడు. ఇక్కడ పౌరుడు కార్యాలయపు వాకిట నిలువబడలేదు. ప్రభుత్వమే లాంతరు పట్టుకొని పౌరుని పడకయొద్దకు నడచి వచ్చినట్లయినది. వంతెన క్రింది స్థలము సైతము చిరునామాయే యని అది అంగీకరించినది.

ఏ ప్రశ్నయు అడుగని సహాయము ఎంత సులభముగా అందునో అన్నపు కేంద్రములను చూచిన తెలియును. హైదరాబాదు నగరపాలక సంస్థ 2014వ సంవత్సరమున అయిదు రూపాయల భోజనమును ప్రారంభించినది. ఆంధ్రప్రదేశమున 2018వ సంవత్సరమున అన్న క్యాంటీన్లు వెలసినవి. 2019వ సంవత్సరమున మూతబడి, 2024వ సంవత్సరము ఆగస్టులో మరల తెఱవబడినవి. అచ్చట కార్డు అడుగరు, ఊరు అడుగరు. కూలివాడు, విద్యార్థి, రోగి బంధువు ఒకే వరుసలో నిలుతురు. అయిదు రూపాయలు చెల్లించుటచే తినువానికి బిచ్చ మెత్తితినను చిన్నతనము కలుగదు. అయితే ఇట్టి కేంద్రము మూతబడినపుడు దానిని నమ్ముకొని దినచర్య నేర్పరచుకొన్నవాడు మొదటినుండి వెదకికొనవలసినదే. సహాయము చేయుట ఎంత ముఖ్యమో, దానిని నిలుకడగా చేయుటయు అంత ముఖ్యము.

జబ్బు చేసినపుడు ఇల్లు లేనివాని కష్టము ఇనుమడించును. ప్రభుత్వాసుపత్రిలో వైద్యము ఉచితముగనే లభించును. శస్త్రచికిత్స యైనపిదప వైద్యుడు "పదిహేను దినములు విశ్రాంతి తీసికొనుము, కట్టు తడవనీయకుము" అని చెప్పి పంపును. ఆ విశ్రాంతి ఎచ్చట? కాలిబాట మీదనా? మందు తినుటకు ముందు భోజనము, పుండు కడుగుకొనుటకు శుభ్రమైన నీరు ఎచ్చటినుండి తేవలెను? మంచి వైద్యము కూడ వీథిలో పాడైపోవుచున్నది. కోలుకొనుచున్న రోగులకు ప్రత్యేక వసతి గృహము లుండవలెనని చెప్పుటకు కారణ మిదియే.

పిల్లల సంగతి మీరు ముఖ్యముగా తెలిసికొనవలెను. 2010వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేది నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము, వయస్సునకు రుజువు లేదను కారణముచే ఏ బాలునికిగాని బాలికకుగాని పాఠశాలలో ప్రవేశము నిరాకరింపరాదు. దిక్కులేని బిడ్డ కంటబడినచో 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇంతకు మించిన పని చేసిన పాఠశాల యొకటి కలకత్తా నగరమున కలదు. సియాల్దా రైల్వే స్టేషను ప్రాంతమున ఉన్న లొరెటో పాఠశాలకు అధిపతిగా ఉన్న సిస్టర్ సిరిల్ మూనీ, వీథిలో పండుకొను బాలికలకు ఆ పాఠశాల భవనములోనే నివాసము కల్పించిరి. అచ్చటి విద్యార్థినులే తీరిక వేళలలో ఆ బాలికలకు అక్షరములు నేర్పిరి. రాత్రి పూట ఖాళీగా నుండు బడి, బడి లేని బిడ్డకు ఇల్లయినది. ఆమె సేవకు మెచ్చి భారత ప్రభుత్వము 2007వ సంవత్సరమున పద్మశ్రీ బిరుదు నొసగినది.

విద్యార్థులారా! ఇంతవఱకు చెప్పినదానిని బట్టి ఒక విషయము తేలుచున్నది. నగరములలో సహాయము బొత్తిగా లేకపోలేదు. సహాయమునకును మనిషికిని నడుమ దారి సరిగా లేదు. ఆ దారిలో దూరము కలదు, వేళ కలదు, కాగితము కలదు, భయము కలదు, అవమానము కలదు. వీనిలో అధిక భాగము ఇటుకలతో, సిమెంటుతో పనిలేకయే తొలగింపదగినవి. తలుపు తెఱచు వేళను మార్చవచ్చును. గోనెసంచికి ఒక అర చూపవచ్చును. రిక్షాకు ఆవరణలో చోటీయవచ్చును. కావలివాడు "రా" అనుటకు మాఱుగా "రండి" అనవచ్చును.

రేపు మీలో కొందఱు కార్యాలయములలో ఉద్యోగులగుదురు. కొందఱు వైద్యులు, కొందఱు ఉపాధ్యాయులు అగుదురు. మీ బల్ల ముందునకు దరఖాస్తుతో ఒక మనిషి వచ్చును. అందు ఇంటి నంబరు వ్రాయవలసిన గడి ఖాళీగా నుండును. ఆ గడిని చూచి కాగితమును త్రిప్పి పంపువారు కొందఱు; "రాత్రులు ఎచ్చట పండుకొందురు?" అని అడిగి, ఆ సమాధానమునే ఆ గడిలో వ్రాయువారు కొందఱు. రెండవ విధమువారు ఎంతమంది యున్న ఆ నగరము అంత మంచి నగరమని చెప్పవచ్చును.